నాన్న పీపాలో రాళ్ళు

పోయిన వారం పెద్దక్కని భోజనాల బల్ల దగ్గర, గ్లాసు పైకెత్తిన చేత్తో అలాగే నిలబెట్టేసి మన దారిన మనం వచ్చేశాం. ఆవిడ ఇంకా అక్కడే ఉంది. మధ్యలో వచ్చి కలిసినవాళ్ళ కోసం నాలుగు ముక్కలు చెప్పుకుని ముందుకు పోదాం.

రోడ్డు సగంలోనే ఆగిపోయే కొండ అది. ఆ పైన కంచరగాడిద నడవగలిగినంత మేరా మెట్లు మెట్లుగా ద్రాక్ష తీగలు, తీగల మధ్య రాతి ఇల్లు, ఇంటి కింద నేలమాళిగ, అందులో ఎర్ర వైన్ పీపాలు. తోట పని తమ్ముడిది, వంటిల్లు మరదలిది, పీపాల దగ్గర మాట పెద్దక్కది. ఏ పీపా పక్వానికొచ్చింది, ఏది ఇంకా ఆగాలి, ఏది సీసాల్లోకి దించాలి, అన్నీ ఆవిడ ముక్కు చెప్పాలి. అందుకే కోతకొచ్చే కూలీలు చాటున ఆవిడని 'ముక్కుగారు' అంటారు. ఆ సంగతి ఆవిడకి తెలుసు. పైకి కోపం నటిస్తుంది గానీ లోపల మురిసిపోతుంది. ఆ ఇంట్లో ఒక కట్టుబాటు ఉంది. పీపా తెరిచిన రోజు బల్ల దగ్గర ముందు ఆవిడే మాట్లాడాలి. ఆవిడ బాగుందంటే బాగున్నట్టే. ఆ తర్వాత దానికి ఎవరూ వంక పెట్టరు.

ఇప్పుడు అసలు చిక్కు. చలికాలంలో వచ్చిన జ్వరం పోతూ పోతూ పెద్దక్కకి వాసన తెలియకుండా చేసి పోయింది. తిరిగొస్తుందని ఎదురుచూసింది, రాలేదు. ఆవిడకిప్పుడు పువ్వూ ఒకటే, పొగా ఒకటే. ఈ సంగతి మనకి తప్ప మరో ప్రాణికి తెలియదని ఆవిడ ధీమా. ఇవాళ పట్నంలో పెద్ద హోటల్లో వైన్ వ్యవహారమంతా చూసుకునే పెద్దమనిషి అంత దూరం కొండెక్కి వచ్చాడు. ఆయన కోసం నాన్న పీపా తెరిచారు. పెద్దక్క గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకుని, కళ్ళు మూసుకుని, "నాన్న చేతి వైన్. ఇన్నేళ్ళయినా చెక్కుచెదరలేదు" అనేసింది.

అందరూ గ్లాసులెత్తారు.

తమ్ముడు కషాయం తాగే పిల్లాడిలా ఒక్క గుక్కలో ఖాళీ చేసి గ్లాసు బల్ల మీద పెట్టాడు. మరదలు కళ్ళు గట్టిగా మూసుకుని తాగింది. తమ్ముడి కూతురు, ఇరవై దాటినా ఇంట్లో అందరికీ ఇంకా 'పాపే', ఒక గుటక మింగి మూతి మీద అరచెయ్యి అడ్డం పెట్టుకుంది. హోటలాయన మాత్రం గ్లాసు ముక్కు దాకా తెచ్చి ఆగిపోయాడు. అందరి ముఖాలూ ఒకసారి చూశాడు. ఇంటివాళ్ళంతా తాగుతుంటే తను తాగకపోవడం మర్యాద కాదనుకున్నాడేమో, పెదవులు తడుపుకుని కింద పెట్టాడు.

ఎవరూ మాట్లాడలేదు. ఆ మౌనం చూసి పెద్దక్కకి ఒళ్ళు పులకరించిపోయింది. నాన్న తలపుకొచ్చి గొంతులు పట్టేశాయి కాబోలు అనుకుంది.

అనుకోదూ మరి! నాన్న పీపా అంటే మామూలు పీపా కాదు. వడగళ్ళు పడి కొండంతా తీగలు చీలికలైపోయిన ఏడాది, ఆకుల చాటున మిగిలిన గుత్తుల్ని ఆయన ఒక్కడే వెతికి కోసి, తన చేతులతో పిండి దాచిన వైన్ అది. మళ్ళీ అంత చిక్కటిది ఆ కొండ మీద పుట్టలేదు. ఇది బల్ల మీదికి రావడం పెద్దక్క మాట మీద జరిగింది. ఇవాళ ఆ హోటలాయన 'ఆహా' అంటే ఆ మాట నాన్నకి చెందుతుంది, నాన్న తర్వాత దాన్ని కాపాడిన తనకి చెందుతుంది. ముక్కు పోయినా ముక్కుగారు పోలేదని తేలిపోతుంది. ఆవిడ ఆశంతా అదే.

"మాట పడిపోయినట్టుంది అందరికీ!" అంది నవ్వుతూ. హోటలాయన వైపు తిరిగి, "మా మరదలి సంగతి పట్టించుకోకండి. వంట బ్రహ్మాండంగా చేస్తుంది గానీ వైన్ దగ్గర దాని నాలుక ఉత్తిదే. దీనికి పీపా కడిగిన నీళ్ళు పోసినా గుటుక్కున మింగుతుంది" అంది. ఈ హాస్యం కొత్తది కాదు. ఇంటికి ఎవరొచ్చినా పెద్దక్క ఈ మాట అంటుంది, మరదలు తలొంచుకుని నవ్వుతుంది. ఇవాళా నవ్వింది.

"ఇంకొంచెం పోయనా?"

తమ్ముడే ముందు తేరుకుని గ్లాసు ముందుకు జరిపాడు. "పొయ్యక్కా."

పోసింది. తమ్ముడు తాగాడు, మరదలు తాగింది. పాప తాగలేక తాగలేక తాగింది. హోటలాయన చెయ్యి అడ్డం పెట్టి, "నాకింకా ఉందమ్మా. కాసిని మంచినీళ్ళిస్తారా?" అన్నాడు. తమ్ముడు రొట్టె ముక్క తుంచి నోట్లో కుక్కుకున్నాడు, వెంటనే ఇంకోటి. నాన్న వైన్ తాగుతూ రొట్టె ముట్టుకోవడం ఆ ఇంట్లో తప్పు. ఆ తప్పు తమ్ముడు చెయ్యడు. అక్కడ పెద్దక్క గుండెలో ఎక్కడో చిన్న ముల్లు దిగింది.

నీళ్ళ కోసం వంటింట్లోకి వెళ్ళిన మరదలు ఎంతకీ రాలేదు. పెద్దక్క లేచి తనే వెళ్ళింది.

మరదలు తొట్టి మీదికి వంగి ఉప్పునీళ్ళు పుక్కిలించి ఉమ్ముతోంది. ఉమ్మి, మళ్ళీ పుక్కిలించి, కొంగుతో నాలుక తుడుచుకుంది. వెనక అలికిడికి ఉలిక్కిపడి తిరిగింది.

"ఏంటే అది?"

"ఏం లేదు వదినా. కారం... కారం తగిలింది."

"కారమా? నేనూ అదే తిన్నాను కదా."

పెద్దక్క తలుపు దగ్గరగా వేసింది. "నా ముఖం చూసి చెప్పు. వైన్‌కేమైంది?"

"మీరు బాగుందన్నారుగా వదినా."

"నేనన్నది నాకు తెలుసు. నువ్వేమంటావ్?"

"నా నాలుక ఉత్తిదే కదా" అంది మరదలు. దెప్పుదామని అనలేదు, తప్పించుకోడానికి అంది. కానీ ఆ మాట దాని దారిన అది వెళ్ళి తగలాల్సిన చోట తగిలింది.

"చెప్పవే."

మరదలు తొట్టి అంచు పట్టుకుని, కిందికి చూస్తూ చెప్పింది. "బూజు వదినా. తడిసిన గోనెసంచి మూల పడేసి మర్చిపోతే వచ్చే వాసన. గ్లాసు ఎత్తకముందే కొడుతోంది. నోట్లో పోసుకుంటే ఇంక చెప్పక్కర్లేదు."

తియ్యదనం, పులుపు, చేదు అయితే పెద్దక్క నాలుక పట్టేది. బూజు నాలుకకి అందదు, అది పూర్తిగా ముక్కు పని. అందుకే తను రెండు గుటకలు హాయిగా మింగి 'చెక్కుచెదరలేదు' అంది. పట్నం మనిషి ముందు, అందరి ముందు.

"మరి నోరు మూసుకుని ఎందుకు తాగారే అందరూ? ఒక్కళ్ళయినా అనొచ్చుగా!"

"ఏమని అంటాం? మీకు వాసన రావట్లేదని బయటి మనిషి ముందు చెప్పమంటారా?"

పెద్దక్క అక్కడే ఉన్న పీట మీద కూలబడింది.

"నీకెప్పుడు తెలుసు?"

"పాలు మాడిన రోజే" అంది మరదలు మెల్లగా. "జ్వరం తగ్గి మీరు లేచి తిరుగుతున్న కొత్తల్లో. నేను పెరట్లోకి వెళ్ళి వచ్చేసరికి పాలు పొంగి, మాడి, ఇల్లంతా కంపు. మీరు పొయ్యి పక్కనే ఈ పీట మీదే కూర్చుని బఠాణీలు ఒలుస్తున్నారు. నేను కేకేస్తే అప్పుడు తలెత్తి, 'ఏమైందే' అన్నారు. ఆ రాత్రే ఆయనకి చెప్పాను. ఆయన పాపకి చెప్పారు. 'అక్క తనంతట తను చెప్పేదాకా ఎవరూ నోరెత్తొద్దు' అన్నారు."

"అందరికీ తెలుసన్నమాట."

"ఇంట్లోవాళ్ళకే వదినా. కూలీలకి తెలీదు."

ఎంత ఓదార్పు! పెద్దక్కకి నవ్వొచ్చినంత పనైంది, ఏడుపూ వచ్చింది. అంతలో ఇంకోటి తట్టింది. అది తట్టాక నవ్వు పూర్తిగా పోయింది.

ఇన్నాళ్ళూ ఆవిడ ఎలా నెట్టుకొచ్చిందంటే, తమ్ముడి ముఖం చూసి. గాజు గొట్టం పీపాలో దింపి వైన్ తీసేది వాడు. తీశాక ముందు తను ఒకసారి వాసన చూసి అక్కకి అందించేవాడు. లాంతరు వెలుగులో వాడి ముక్కుపుటాలు విచ్చుకుంటే 'బాగుంది' అనేది. కనుబొమలు దగ్గరపడితే 'ఇంకా ఆగాలి' అనేది. తన తెలివికి తనే లోలోపల భుజం తట్టుకునేది. కానీ వాడు అంతకుముందెప్పుడైనా లాంతరు వైపు తిరిగి, అంత స్పష్టంగా, అంత నెమ్మదిగా ముఖం పెట్టేవాడా? నాటకం తెలియని మనిషి. అబద్ధం చెబితే చెవులు ఎర్రబడే మనిషి. తనకి కనబడాలని, తను తప్పు చెప్పకూడదని వాడు పీపా పీపాకీ ముఖం తిప్పి చూపించాడు. తను వాణ్ణి మోసం చేస్తున్నానని మురిసిపోతుంటే, వాడు తన మోసానికి దీపం పట్టాడు.

పెద్దక్కకి తల కొట్టేసినట్టయింది. ఆ గదిలో ఎటు చూసినా మరదలు కళ్ళే ఉన్నట్టనిపించి నేలవైపు చూసింది.

ఇవాళ ఆ దీపం లేదు, అంతే. నాన్న పీపా తెరిచేది ఆవిడ ఒక్కతే. ఇంకెవరూ చెయ్యి వెయ్యకూడదు. అది తను పెట్టిన నియమమే. అందుకే పొద్దున ఒంటరిగా మెట్లు దిగి, ఒంటరిగా బిరడా తీసి, ఒంటరిగా కూజా నింపుకొచ్చింది. నాన్న వైన్ చెడుతుందన్న ఊహే రాలేదు. చూపించే ముఖం పక్కన లేదు, అంతకంటే ఏముంది.

"మరి ఎలా చెడిందే?" అంది. "పోయిన ఏడాది కూడా తీసి చూశాను. అప్పుడు నాకు ముక్కుంది. బంగారంలా ఉంది."

మరదలు చటుక్కున ముఖం తిప్పుకుంది. ఆ తిప్పుకోవడంలోనే పెద్దక్కకి జవాబు దొరికింది.

రాళ్ళు.

పీపాలో వైన్ ఊరికే ఉండదు. కట్టెలోంచి కొద్దికొద్దిగా ఆవిరైపోతూ ఉంటుంది. ఆ ఖాళీలోకి గాలి చేరితే వైన్ పాడవుతుంది. కొత్త పీపాల్లో అయితే అదే ఏడాది వైన్ పోసి నింపుతారు. పాతవాటిలో పోయడానికి ఆ ఏడాది వైన్ మిగిలి ఉండదు, వేరే ఏడాదిది కలపడానికి ఆ ఇంట్లో ఎవరికీ మనసొప్పదు. అందుకని వాగులో నున్నటి గులకరాళ్ళు ఏరి తెచ్చి, ఉడకబెట్టి, ఎండబెట్టి, ఒక్కొక్కటీ పీపాలోకి జారవిడుస్తారు. రాళ్ళు కిందికి పోతాయి, వైన్ పైకొస్తుంది, గాలికి చోటుండదు. జారవిడిచే ముందు ప్రతి రాయినీ పెద్దక్క వాసన చూడాలి. నెర్రె కనబడకపోయినా లోపల నాచు పట్టి ఉంటే ఉడికించినా పోదు. అలాంటి రాయిని ఆవిడ ప్రహరీ మీంచి అవతలికి విసిరేస్తుంది. ఏటా ఆవిడ విసిరే రాళ్ళకి అవతల మేసే మేకలు బెదిరి పరుగెత్తడం, పాప పకపకా నవ్వడం మామూలే.

ఈ ఏడాది వసంతంలో కూడా అరుగు మీద కూర్చుని రాళ్ళన్నీ వాసన చూసింది. అంటే ముక్కు దగ్గర పెట్టుకుని తీసింది. ఒక్కటీ విసరలేదు. 'ఈసారి వాగు శుభ్రంగా ఉన్నట్టుంది' అంది. చూసేవాళ్ళ కోసమైనా ఒకటో రెండో విసరాలన్న తెలివి కూడా ఆ రోజు లేకపోయింది. ఒక బుట్టలోవి తనే దగ్గరుండి నాన్న పీపాలో వేసింది. చేతులు జోడించుకుని మరీ వేసింది.

"నేనే" అంది. "నా చేత్తో నేనే చెడగొట్టాను."

మరదలు వచ్చి పక్కన నేల మీద కూర్చుంది.

నాన్న పోయాక ఆయన దగ్గర్నించి ఈ కొండ మీద మిగిలినవి రెండే: కొన్ని ముసలి తీగలు, ఆ పీపా. తీగలు తమ్ముడి చేతుల్లో పచ్చగా ఉన్నాయి. పీపా తన చేతుల్లో బూజుపట్టింది. ముక్కు పోయినందుకు సిగ్గు లేదు, జ్వరం ఎవరికైనా వస్తుంది. 'నాకు తెలియట్లేదు, ఈ రాళ్ళు నువ్వు చూడు' అని ఇంట్లో ఏ ఒక్కరితోనైనా అనలేకపోయినందుకు సిగ్గుతో చచ్చిపోతోంది. పాప ఎన్నిసార్లడిగింది! 'నాకూ నేర్పత్తా, నేనూ వాసన చూస్తా' అని కాళ్ళకీ చేతులకీ అడ్డం పడేది. 'నేర్పితే వచ్చేది కాదే ఇది, పుట్టుకతో రావాలి' అని తోసిపుచ్చేది తను. నేర్పితే ఇంట్లో రెండో ముక్కు తయారవుతుందన్న భయం తప్ప అందులో మరో నిజం లేదు. అదీ ఇప్పుడు ఒప్పుకుంది, మనసులోనే.

"రాళ్ళు రెండు బుట్టలు కదూ?" అంది ఉన్నట్టుండి.

మరదలు తలెత్తింది.

"రెండో బుట్ట పాప పీపాలో వేశాం."

పాప పుట్టిన ఏడాది వైన్ అది. నాన్న తన చివరి రోజుల్లో పీపా కట్టెల మీద చెయ్యి వేసి, 'ఇది పాప పెద్దయ్యాక' అన్నాడు. అదీ పోతే ఆ ఇంట్లో పాత వైన్ అన్నది ఇంక లేనట్టే.

ఇద్దరూ వంటింటి వెనక మెట్ల మీదుగా నేలమాళిగలోకి దిగారు. మరదలు లాంతరు పట్టుకుంది. చల్లటి గోడలు, వరసగా పీపాలు, కింద తడి మట్టి నేల. ఒకప్పుడు మెట్టు మెట్టుకీ ఏ పీపా ఎక్కడుందో కళ్ళు మూసుకుని చెప్పగలిగేది పెద్దక్క. ఇప్పుడు లాంతరు చూపిన చోటికి నడిచింది. పాప పీపా బిరడా తీసింది. గాజు గొట్టం దింపి, పైన బొటనవేలు నొక్కి, పైకి తీసింది. ఎర్రటి వైన్ గొట్టంలో నిలిచింది. దాన్ని గ్లాసులోకి వదిలి, అలవాటుగా ముక్కు దగ్గరికి తీసుకెళ్ళబోయి, ఆగింది.

గ్లాసు మరదలి చేతిలో పెట్టింది.

ఇన్నేళ్ళ కాపురంలో ఆ నేలమాళిగలో మరదలి చేతికి గ్లాసు అందడం అదే మొదలు. మరదలు చేతులు తుడుచుకుని రెండు చేతులతో పట్టుకుంది. వాసన చూసింది. ఇంకోసారి చూసింది. కొంచెం నోట్లో పోసుకుంది.

"చెప్పు."

"మీరు చెప్పకుండా నేనెలా..."

"చంపుతావేంటే, చెప్పు!"

"బాగుంది వదినా" అంది మరదలు. "చాలా బాగుంది."

పెద్దక్క లాంతరు అందుకుని మరదలి ముఖం మీదికి ఎత్తింది. కళ్ళు చూసింది, పెదవులు చూసింది. మరదలు రెప్ప వెయ్యకుండా నిలబడింది. ఇందాక బల్ల దగ్గర కూడా ఇలాగే నిలబడింది, తలొంచి నవ్వింది, రెండో గ్లాసూ మింగింది. ఇది నిజమా, లేక ఇదీ ఒక గుటకా? ఈ ఇంట్లో ఎవరు బాగుందన్నా ఇంక తనకి తెలిసే దారి లేదు. అందరూ తన కోసమే అబద్ధం చెబుతారు. ప్రేమగానే చెబుతారు. వాళ్ళకి అది నేర్పింది తనే.

"నమ్మండి వదినా" అంది మరదలు.

పెద్దక్క లాంతరు దించి, పాప పీపాలోంచి కూజా నింపింది.

పైకొచ్చేసరికి బల్ల దగ్గర ముగ్గురూ ఇబ్బందిగా ఎదురుచూస్తున్నారు. తమ్ముడు హోటలాయనకి కంచరగాడిద కాలి నొప్పి గురించి ఏదో చెబుతున్నాడు, ఆయన ఎంతో శ్రద్ధ ఉన్నట్టు వింటున్నాడు. పెద్దక్క ముందు నాన్న వైన్ ఉన్న గ్లాసులన్నీ ఒక్కొక్కటిగా తీసి పక్క బల్ల మీద పెట్టింది. తమ్ముడు అర్థంకాక మరదలి వైపు చూశాడు. మరదలు కళ్ళు దించుకుంది. పెద్దక్క కొత్త గ్లాసు ఒకటి తెచ్చి, కూజాలోంచి పోసి, హోటలాయన ముందు పెట్టింది.

అందరూ ఆవిడ నోటివైపు చూశారు. ముందు మాట ఆవిడదే కదా.

పెద్దక్క కుర్చీ వీపు పట్టుకుంది. పోయిన వారం నుంచీ గ్లాసెత్తి నిలబడ్డ చెయ్యి అది. "ఇందాక మీకు పోసింది బూజు పట్టిన వైన్ అండీ" అంది. "మీకు తెలిసే ఉంటుంది. ఇక్కడున్న అందరికీ తెలుసు. తెలియనిది నాకొక్కదానికే. జ్వరం వచ్చినప్పట్నించీ నాకు వాసన తెలియట్లేదు. తెలిసినట్టు నటిస్తున్నాను. రాళ్ళు చూడకుండా వేసి మా నాన్న వైన్‌ని నేనే పాడుచేశాను. దాన్ని మీ ముందు పెట్టి మెచ్చుకోమన్నాను. మావాళ్ళ చేత రెండేసి గ్లాసులు తాగించాను."

"అక్కా..." అన్నాడు తమ్ముడు.

"ఆగరా. నువ్వు లాంతరు వైపు తిరిగినవన్నీ నాకిప్పుడు అర్థమయ్యాయి." తమ్ముడి చెవులు ఎర్రబడ్డాయి. ఆవిడ హోటలాయన వైపు తిరిగింది. "మీరు పరాయివాళ్ళు. నా మీద జాలిపడాల్సిన పని మీకు లేదు. ఈ గ్లాసులో ఉన్నది ఎలా ఉందో ఉన్నదున్నట్టు చెప్పండి. ఈ ఇంట్లో నాకు నిజం చెప్పేవాళ్ళు లేకుండా నేనే చేసుకున్నాను."

హోటలాయన గ్లాసు తీసుకున్నాడు. తొందరపడలేదు. తిప్పాడు, వాసన చూశాడు, తాగాడు, కళ్ళు మూసుకుని కాసేపు అలాగే ఉన్నాడు. తర్వాత మిగిలింది కూడా తాగేశాడు.

"దీన్నయితే మీరు పోస్తాననకుండానే రెండో గ్లాసు నేనే అడుగుతాను" అన్నాడు. "నిక్షేపంగా ఉందమ్మా. ఇలాంటిది తాగి చాలాకాలమైంది."

వెనక మరదలు ముక్కు ఎగబీల్చిన చప్పుడైంది. నిజమే చెప్పింది పిచ్చిది. ఒకే ఒక్కసారి నమ్మమని అడిగింది, దానికీ తను పరాయి మనిషి సాక్ష్యం తెచ్చుకుంది. పెద్దక్క వెనక్కి తిరిగి చూడలేకపోయింది. చెయ్యి మాత్రం వెనక్కి చాచింది. మరదలు ఆ చెయ్యి పట్టుకుంది.

"కానీ ఎలా?" అంది పెద్దక్క. "అవే రాళ్ళు, అదే వాగు, రెండు బుట్టలూ నేనే వాసన చూశాను."

"రెండో బుట్ట అవే రాళ్ళు కావత్తా."

అన్నది పాప. బల్ల చివర లేచి నిలబడింది. ముఖం పాలిపోయి ఉంది.

"నువ్వు తాతయ్య పీపా దగ్గరుండగా రెండోది నేను పెరట్లోకి తీసుకెళ్ళాను. ఒక్కొక్కటీ వాసన చూశాను. సగానికి పైగా పారేసి మళ్ళీ ఏరుకొచ్చాను. ఎలా చూడాలో నాకెవరూ నేర్పలేదు. నువ్వు చూస్తుంటే చిన్నప్పట్నించీ పక్కన కూర్చునేదాన్ని కదా, అంతే. మొదటి బుట్టకి వెనక్కొచ్చేసరికి నువ్వు వేసేశావ్."

"ఆపాల్సింది. పీపా దగ్గరికొచ్చి చెయ్యి పట్టుకుని ఆపాల్సిందే!"

"ఆపితే నన్ను ఆ మెట్లు మళ్ళీ దిగనిచ్చేదానివా?"

దిగనిచ్చేది కాదు. ఆ సంగతి గదిలో అందరికీ తెలుసు.

హోటలాయన గొంతు సవరించుకున్నాడు. "ఒకమాట చెప్పాలమ్మా. మీకు వాసన రాదన్న సంగతి నాకు ఇక్కడికొచ్చాక తెలిసింది కాదు. ముందే తెలుసు. తెలిసే వచ్చాను."

"ముందేనా?" పెద్దక్క తమ్ముడి వైపు చూసింది. తమ్ముడు అయోమయంగా తల అడ్డంగా ఊపాడు. మరదలి వైపు చూసింది. మరదలు కూడా నోరెళ్ళబెట్టి చూస్తోంది. హోటలాయన చూపు ఆ ఇద్దరి మీదా ఆగకుండా బల్ల చివరికి వెళ్ళింది.

పాప కుర్చీ వెనక్కి జరిపింది. గోడవార, ఇందాకట్నించీ ఎవరూ గమనించని చోట, దాని బట్టల సంచి కట్టి ఉంది.

"నేనే రమ్మన్నానత్తా" అంది. "ఈయన మన వైన్ కోసం రాలేదు. నా ముక్కు కోసం వచ్చారు, నన్ను హోటల్లో పనికి తీసుకెళ్తారు."